మూడున్నర వాట్ల గోల

పాకాల మీదుగా రాత్రంతా బండ్లు పోతూనే ఉంటాయి. చిత్తూరు, తిరుపతి బస్సులు, కంకర టిప్పర్లు, మామిడి సీజన్లో అయితే దామలచెరువు మండీలకు తోతాపురి మోసే ట్రాక్టర్లు. ఆ మోతకు ఊళ్లో ఎవరూ లేచి కూర్చోరు. అదే ఆదివారం తెల్లవారుజామున తలకోన వైపు బయల్దేరిన ఒక థార్, దాని వెనకే రెండు బుల్లెట్లు వచ్చాయంటే వీధి మొత్తం మేలుకుంటుంది. పసిబిడ్డ ఏడుపు అందుకుంటుంది. అరుగు మీద పడుకున్న పెద్దాయన దుప్పటి తీసి బండివాడి ఏడు తరాలనూ పలకరిస్తాడు. నిజానికి టిప్పర్ ఇంజను థార్ ఇంజను కన్నా రెండింతలకు పైనే ఉంటుంది. మోతలో తేడా ఇంజనుది కాదు, బండి అడుగున వేలాడే రేకు డబ్బాది. కంపెనీ బిగించి ఇచ్చిన సైలెన్సర్ విప్పేసి, బజార్లో ‘ఫ్రీ ఫ్లో’ అని అమ్మే గొట్టం వేయించుకున్న బండ్లు అవి.

అలా వేయించుకున్నవాళ్లలో కొందరు కొన్నాళ్లకే మళ్లీ మెకానిక్ దగ్గర తేలతారు. అడిగేది ఇంచుమించు ఒకే మాట. “అన్నా, సౌండు కొంచెం తగ్గించాల. పూర్తిగా పోగూడదు. లోపల కూచుంటే తల దిమ్మెక్కిపోతాండాది.” కోరిక వినడానికి చిన్నదే, తీర్చాలంటే మాత్రం ధ్వనిశాస్త్రం కాస్త తెలిసుండాలి. తెలియని చోట గిన్నెలు తోమే స్టీలు పీచు గొట్టంలోకి కుక్కి, డబ్బులు తీసుకుని పంపించేస్తారు. నెల తిరక్కుండా ఆ పీచు తుప్పు పట్టి, ముక్కలై, పొగతో పాటు రోడ్డు పాలవుతుంది.

ముందు ఆ చప్పుడు ఎక్కడ పుడుతుందో చూద్దాం. సిలిండర్‌లో ఇంధనం మండి పిస్టన్‌ను కిందికి తోశాక, ఎక్సాస్ట్ వాల్వు తెరుచుకునే సమయానికి లోపలి వాయువు ఇంకా చల్లారి ఉండదు. దాని ఒత్తిడి బయటి గాలి కంటే కొన్ని రెట్లు ఎక్కువ, వేడి వందల డిగ్రీల్లో. వాల్వు కొంచెం సందు ఇవ్వగానే అది ఒక్కసారిగా గొట్టంలోకి దూకుతుంది. ఆ మొదటి దూకుడే మన చెవిని తాకే దెబ్బ. ఆ తర్వాత పిస్టన్ పైకొస్తూ మిగిలిన పొగను నెట్టుతుంది గానీ, అందులో పెద్దగా మోత ఉండదు.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి కాలుతుంది. థార్, జిప్సీ, మన పల్లెల్లో జనాన్ని కుక్కుకుని తిరిగిన పాత కమాండర్ జీపు, అన్నీ నాలుగు సిలిండర్లవే. కాబట్టి చుట్టుకు రెండు దెబ్బలు. నిమిషానికి 2,400 చుట్లు అంటే సెకనుకు 40 చుట్లు, 80 దెబ్బలు. 80 హెర్ట్జ్ అన్నమాట. ఒంటి సిలిండర్ బుల్లెట్ అదే 2,400 దగ్గర సెకనుకు 20 దెబ్బలే కొడుతుంది. అంత నిదానమైన దెబ్బలను మన చెవి ఒకే స్వరంగా కలుపుకోలేక విడివిడిగా లెక్కపెడుతుంది. డుగుడుగు అక్కడి నుంచే వస్తుంది. దెబ్బ ఎంత పదునుగా ఉంటే జీపు 80తో పాటు 160, 240, 320 అంటూ వేల హెర్ట్జ్ దాకా పై స్వరాలు అన్ని పుడతాయి. చెవిలో గీరినట్టుండేది ఆ పై స్వరాల వల్ల. గుండెల్లో అదిరేది మాత్రం కింది 80. ఈ రెండూ ఒకే గొట్టంలోంచి వస్తున్నా రెండు వేర్వేరు జబ్బులు, ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు. సౌండు తగ్గించబోయి డబ్బులు పోగొట్టుకున్నవాళ్ల కథలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

ఇంత గోల చేస్తోంది కదా, ఇంజను బలంలో ఎంత వాటా దీనికి పోతోందో లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. బండికి ఏడున్నర మీటర్ల దూరంలో 100 డెసిబెల్ వినిపిస్తోందనుకుందాం. ఊరంతా తిట్టుకునే స్థాయి అది. ఆ దూరంలో చదరపు మీటరుకు వచ్చి పడే ధ్వనిశక్తి వాట్‌లో నూరో వంతు. బండి చుట్టూ నేల పైన అర్ధగోళం వైశాల్యం 350 చదరపు మీటర్లు. రెండూ హెచ్చవేస్తే మూడున్నర వాట్లు. వరండాలో రాత్రంతా వెలిగే చిన్న ఎల్‌ఈడీ బల్బు కూడా అంతకంటే ఎక్కువే తింటుంది. థార్ పెట్రోలు ఇంజను గట్టిగా తొక్కితే లక్ష వాట్లకు పైగా ఇస్తుంది. చప్పుడు పెరిగితే పవర్ పెరిగిందనుకునేవాళ్లు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి చూసుకోవాలి.

ఇంత తక్కువ శక్తి అంత బాధ ఎలా పెడుతుందంటే మన చెవి అలాంటిది. ధ్వనిశక్తి పది రెట్లయితే డెసిబెల్ 10 పెరుగుతుంది, చెవికి అది సుమారు రెండింతలుగా తోస్తుంది. కంపెనీ సైలెన్సర్‌తో 80 ఉన్న బండి 100 చేరిందంటే శక్తి నూరు రెట్లయింది, చెవికి నాలుగింతలు అనిపించింది. వెనక్కి తగ్గించేటప్పుడు ఇదే లెక్క మన మీద పగబడుతుంది. చచ్చీచెడీ శక్తిని సగానికి కోస్తే తగ్గేది 3 డెసిబెల్, ఆ తేడాను పక్కింటివాడు గుర్తు కూడా పట్టడు. దూరం సాయం కూడా అంతంతే. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్ తగ్గుతుందని పుస్తకాలు చెబుతాయి. ఏడున్నర మీటర్ల దగ్గర 100 ఉంటే, మధ్యలో గోడలూ చెట్లూ లేని చదును నేల మీద కిలోమీటరు దూరంలో కూడా 57 చిల్లర మిగులుతుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల్లో రాత్రిపూట నివాస ప్రాంతానికి రాసిన హద్దు 45. పైగా రాత్రి చల్లబడిన నేలకు ఆనుకుని చల్లగాలి, దాని మీద వెచ్చని గాలి పరుచుకుంటే ధ్వని పైకి పోకుండా వంగి మళ్లీ నేలకే దిగుతుంది. తెల్లవారుజాము బండి అంత దూరం వినిపించడానికి అదొక కారణం.

మన దేశంలో 2005 ఏప్రిల్ 1 నుంచి తయారీ దశలో అమలైన పరిమితుల ప్రకారం 175 సీసీ దాటిన మోటార్‌సైకిళ్లకు 80 డెసిబెల్, కార్లకు 74. బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి, యాక్సిలరేటర్ మొత్తం తొక్కి దూసుకుపోతుంటే దారి మధ్యగీత నుంచి ఏడున్నర మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలుస్తారు. మా వైపు శ్రీసిటీలో 2016 ఏప్రిల్‌లో మొదలైన ఇసుజు ఫ్యాక్టరీ నుంచి వచ్చే వీ-క్రాస్ అయినా, ఎక్కడో పుట్టిన మరో కొండబండి అయినా పరీక్ష తప్పదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వ నియమం ఇంకా ముచ్చటగా ఉంటుంది. ట్రాక్టర్‌తో సహా ప్రతి బండికీ సైలెన్సర్ ఉండాలని చెప్పి ఊరుకోకుండా, విస్తరణ గది ద్వారా గానీ మరో రకంగా గానీ చప్పుడును వీలైనంత తగ్గించాలని, భౌతికశాస్త్రం పాఠంలో ఒక ముక్క చట్టంలోనే పెట్టేశారు.

ఆ విస్తరణ గది అంటే సన్నటి గొట్టం మధ్యలో వెడల్పాటి డబ్బా, అంతే. గొట్టంలో వస్తున్న ధ్వని తరంగం డబ్బా నోటి దగ్గర దారి ఉన్నట్టుండి వెడల్పయ్యేసరికి మొత్తం ముందుకు పోలేదు. కొంత భాగం వచ్చిన దారినే ఇంజను వైపు తిరిగిపోతుంది. డబ్బా అవతలి చివర దారి మళ్లీ ఇరుకయ్యే చోటా అదే జరుగుతుంది. పొగ మాత్రం ఎక్కడా ఆగకుండా సాగిపోతుంది. సైలెన్సర్ కిటుకంతా ఇదే. పొగను ముందుకు పంపాలి, ధ్వనిని వెనక్కి తిప్పాలి. గొట్టాన్ని బిగదీసి మూసే పని అందులో లేదు.

అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ సోదరులు ఇంజను సైలెన్సర్‌కు 1897లో పేటెంటు తీసుకున్నారు. మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్ కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంటు పొంది, ఇంజను సైలెన్సర్లూ అమ్మాడు. తండ్రి పెంచిన మోతను కొడుకు తగ్గించాడని సరదాగా అనుకోవచ్చు. ఈ శాస్త్రాన్ని లెక్కలతో సహా ఒకచోట కూర్చినవారిలో ముఖ్యుడు మనకు దగ్గరివాడే. బెంగళూరు ఐఐఎస్‌సీలో పనిచేసిన ఎం.ఎల్. ముంజల్ గొట్టాలు, మఫ్లర్ల ధ్వనిశాస్త్రం మీద రాసిన పుస్తకాన్ని 1987లో వైలీ సంస్థ వేసింది. ప్రపంచమంతా ఈ పని చేసే ఇంజనీర్లు ఇప్పటికీ దాన్ని తిరగేస్తారు.

ఆ లెక్కల్లో ఒకటి ఇక్కడ వేసి చూద్దాం. గొట్టం అడ్డుకొలత కన్నా డబ్బా అడ్డుకొలత మూడు రెట్లుంటే వైశాల్యం తొమ్మిది రెట్లు. అలాంటి డబ్బా మహా అయితే 13 డెసిబెల్ తగ్గించగలదు. నాలుగు రెట్ల అడ్డుకొలత అయితే 18 దాకా. ‘మహా అయితే’ అన్నది ఎందుకంటే, డబ్బా పొడవు తరంగం పొడవులో సరిగ్గా పావు వంతు ఉన్నప్పుడే ఆ ఫలితం దక్కుతుంది. సగం వంతు ఉంటే డబ్బా ఉన్నా లేనట్టే, తరంగం హాయిగా దాటిపోతుంది. 300 డిగ్రీల వేడి పొగలో ధ్వని వేగం సెకనుకు 480 మీటర్లు (మన ఎండాకాలం గాలిలో అది 350). 80 హెర్ట్జ్ తరంగం అక్కడ 6 మీటర్ల పొడవు. పావు వంతు అంటే ఒకటిన్నర మీటరు. అంత పొడుగు డబ్బాను జీపు కింద ఎక్కడ వేలాడదీస్తాం? అర మీటరు డబ్బా పెడితే అది 240 హెర్ట్జ్‌ను 13 డెసిబెల్ కోస్తుంది, 80ని ఎనిమిది కూడా కోయలేదు, 480ని అసలు ముట్టుకోదు. కంపెనీ సైలెన్సర్‌ను గ్యాస్‌తో కోసి చూస్తే లోపల రెండు మూడు గదులు, ఒక్కోటి ఒక్కో పొడవు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి చొచ్చుకొచ్చిన చిన్న గొట్టాలు కనిపిస్తాయి. ఒక గది వదిలేసిన స్వరాన్ని ఇంకో గది పట్టుకోవడానికే ఆ చిక్కుదారి. బరువుగా, పెద్దగా, అందం చందం లేకుండా ఉండటానికి కారణం కూడా అదే.

బజారు ఫ్రీ ఫ్లోలో ఇవేమీ ఉండవు. సన్న రంధ్రాలు పొడిచిన గొట్టం ఒకటి నేరుగా ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది, దాని చుట్టూ గాజునూలు, పైన మెరిసే స్టీలు. రంధ్రాల్లోంచి నూలులోకి దూరిన ధ్వని పోగుల మధ్య గాలి రాపిడికి వేడిగా మారి అణిగిపోతుంది. పద్ధతి మంచిదే, కానీ పై స్వరాలకు మాత్రమే. ఆరు మీటర్ల తరంగానికి రెండు అంగుళాల నూలు ఒక లెక్కా? అందుకే ఖరీదైన ఫ్రీ ఫ్లో వేయించుకున్నా గీర తగ్గుతుంది, గుబగుబ పోదు. చౌకరకంలో అయితే గాజునూలు కొన్నాళ్లకే పొడిపొడిగా రాలి పొగతో పోతుంది, ఆపైన మిగిలేది ఖాళీ గొట్టం. బుల్లెట్లకు అమ్మే ఇండోరి, పంజాబీ, షార్ట్ బాటిల్ రకాల్లో కొన్నిటిలో ఆ నూలు కూడా మొదటి నుంచీ నామమాత్రమే.

పవర్ వాదనకు మళ్లీ రావాలి, ఎందుకంటే అందులో పిసరంత నిజం ఉంది. పాకాలది రైలు జంక్షన్ ఊరు. మీటర్ గేజి కాలంలో పీలేరు మీదుగా ధర్మవరం పోయే ఆవిరి బండి ఛుక్‌ఛుక్‌లు విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. అదీ ఎక్సాస్ట్ చప్పుడే, కానీ ఆ దెబ్బకు ఒక పని ఉండేది. సిలిండర్లలోంచి బయటపడిన ఆవిరిని పొగగొట్టం కింద ఒక ఇరుకు మూతిలోంచి పైకి చిమ్మించేవారు. ఆ చిమ్ము చుట్టూ ఉన్న పొగను లాక్కుపోతే, ఆ ఖాళీకి మంటలోకి కొత్త గాలి వచ్చేది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆవిరి ఎక్కువ, చప్పుడు ఎక్కువ, దాంతో మంటా ఎక్కువ. రెండు సిలిండర్ల ఇంజనుకు చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ఛుక్కులు. ఆ ఛుక్కును అణిచేస్తే మంట మందగించి బండి మొరాయించేది. డ్రైవర్లు చప్పుడు విని బండి ఆరోగ్యం చెప్పేవారంటే అతిశయోక్తి కాదు.

పెట్రోలు, డీజిలు ఇంజన్లలో కూడా గొట్టంలోని తరంగాలు కొంత సాయం చేస్తాయి. ఒక సిలిండర్ నుంచి వెళ్లిన ఒత్తిడి తరంగం గొట్టాలు కలిసే చోట తగిలి, తక్కువ ఒత్తిడి తరంగంగా తిరిగొచ్చి, సరిగ్గా వాల్వు మూసుకునే ముందు చేరితే మిగిలిన పొగను బయటికి పీలుస్తుంది. కానీ ఆ మేలు ఇంజనుకు ఆనుకుని ఉండే గొట్టాల పొడవు, లావులను బట్టి వస్తుంది. బండి తోక దగ్గర చప్పుడు ఎంతన్నదానితో దానికి చుట్టరికం లేదు. సైలెన్సర్ తీసేస్తే అడ్డు తగ్గేమాట నిజమే, ఆ లాభం ఇంజను పైచుట్లలో కొంచెం తెలుస్తుంది. కొండదారిలో కావలసింది కిందిచుట్ల లాగుడు. అవసరానికి మించి లావు గొట్టం వేస్తే పొగ వేగం పడిపోయి ఆ లాగుడే దెబ్బతింటుంది. రేసు ట్రాకుకు రాసిన సలహాను తలకోన దారికి తెచ్చుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది. ఇంజను కంప్యూటర్‌లోని లెక్కలు పాత గొట్టానికి రాసినవే గనక, బీఎస్-6 బండ్లలో ఆ చిన్న లాభం కూడా సరిగా చేతికి రాదు.

ఇప్పుడు తల దిమ్మెక్కే సంగతి. 2,400, 2,600 మధ్య చుట్లలో, అంటే రోడ్డు మీద కాస్త కుదురుగా పోతున్నప్పుడే అది ఎక్కువ. గొట్టంలోంచి వచ్చేది 80 నుంచి 87 హెర్ట్జ్. రేకు టాపు వేసిన జీపు లోపలి గది పొడవు సుమారు రెండు మీటర్లు. ఆ పొడవు గదిలో గాలి తనంతట తాను ఊగే స్వరం దాదాపు 87. రెండూ కలిసినచోట గది మొత్తం మోగుతుంది. గుడ్డ టాపుతో పోయినప్పుడు లేని నొప్పి రేకు టాపు వేశాక ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఇదే. అనుమానముంటే వెనక సీటులో ఒకరిని కూర్చోబెట్టండి. అదే వేగంలో తలను వెనక డోరుకు ఆనిస్తే మోత పెరుగుతుంది, గది నడుమకు వంగితే తగ్గుతుంది. నిలిచి ఊగే తరంగం చివర్లలో బలంగా, నడుమ బలహీనంగా ఉంటుంది.

దీన్ని తగ్గించే పనిలో మొదట చేయాల్సింది కొత్త సామాను కొనడం కాదు, లీకులు వెతకడం. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి బానెట్ ఎత్తి వినండి. టిక్ టిక్ మంటూ, బండి వేడెక్కాక మాయమయ్యే చప్పుడుంటే మానిఫోల్డ్ గ్యాస్కెట్ పోయినట్టే. లోహం వేడికి సాగి సందు మూసుకోవడంతో అది వినపడకుండా పోతుంది. జాయింట్ల దగ్గర నల్లటి మసి చారలున్నా అదే లెక్క. లీకు ఉన్నంతసేపూ వెనకాల ఎంత మంచి సైలెన్సర్ పెట్టినా ఆ లీకు చప్పుడు కన్నా కిందికి దిగలేం. ఆ తర్వాత బండి కిందికి దూరి గొట్టం వేలాడే రబ్బర్లు చూడాలి. మా వైపు రబ్బరు తెగిపోతే చాలాచోట్ల ఇనుప కడ్డీ ముక్కతో గొట్టాన్ని నేరుగా ఛాసిస్‌కు వెల్డింగు చేసేస్తారు. ‘ఇంక జన్మలో ఊడదు’ అని గ్యారంటీ కూడా ఇస్తారు. ఊడదు, నిజమే. ఇంజను అదురంతా ఆ కడ్డీ మీదుగా నేలరేకుల్లోకి ఎక్కి, జీపు మొత్తం స్పీకర్ అవుతుంది. ఆ కడ్డీ కోసేసి వంద, రెండొందల రూపాయల రబ్బరు వేస్తే సగం తలనొప్పి పోయిన బండ్లున్నాయి.

ఇంకా మిగిలితే, కంపెనీ సైలెన్సర్ ఇంట్లో మూలన పడి ఉందేమో చూసి దాన్నే తిరిగి బిగించడం అన్నిటికన్నా చవక. అది లేదు, అమ్మేశామంటే ఫ్రీ ఫ్లోకు ముందు ఒక గదుల డబ్బా చేర్చాలి. డీబీ కిల్లర్ అని అమ్మే మూతిబిళ్ల గొట్టం నోరు ఇరుకు చేసి గీర తగ్గిస్తుంది, కింది గుబగుబకు దాని ప్రభావం స్వల్పం, దారిలో అడ్డం మాత్రం గట్టిగానే పెడుతుంది.

గుబగుబకు అసలు మందు ఇంకోటి ఉంది, మన వెల్డింగు షాపుల్లో అయ్యే పనే. ప్రధాన గొట్టానికి పక్కన అదే లావు గొట్టం ఒకటి అతికించి, దాని అవతలి చివర మూసేయాలి. పొగ అందులోకి పోయి తిరగదు, ధ్వని మాత్రం లోపలికి వెళ్లి మూతకు తగిలి తిరిగొస్తుంది. ఆ గొట్టం పొడవు తరంగంలో పావు వంతు ఉంటే, పోను రాను అర తరంగం ఆలస్యమవుతుంది. అంటే ప్రధాన గొట్టంలో ఒత్తిడి పెరిగే క్షణానికి ఇది తగ్గుతూ వచ్చి కలుస్తుంది. ఆ ఒక్క స్వరం అక్కడికక్కడే రద్దయిపోతుంది. జీపు కింద జాగా చాలదు గనక గొట్టాన్ని వంచి ఛాసిస్ పక్కనే వెనక్కి తిప్పుతారు, చూడటానికి కొక్కెంలా ఉంటుంది. తోక చివర అతికిస్తే దండగ, అక్కడ ఒత్తిడి ఊపు ఉండదు. సైలెన్సర్‌కు దగ్గర్లో ఉండాలి.

పొడవు దగ్గర ఒక మెలిక. ప్రధాన గొట్టంలో 300 డిగ్రీలని లెక్క వేస్తే 80 హెర్ట్జ్‌కు ఒకటిన్నర మీటరు వస్తుంది. కానీ మూసిన పక్కగొట్టంలో పొగ నిలవ ఉంటుంది, చల్లబడుతుంది. అక్కడ 200 డిగ్రీలే ఉంటే ధ్వని వేగం 436 మీటర్లకు పడి, కావలసిన పొడవు మీటరు ముప్పై ఆరు సెంటీమీటర్లకు దిగుతుంది. కాగితం మీద పెట్టి కోసేస్తే గురి తప్పుతుంది. తెలిసిన మేస్త్రీ ఒకటిన్నర మీటరు గొట్టమే అతికించి, చివరి మూతను వెల్డింగు చేయకుండా క్లాంపుతో బిగిస్తాడు. బండి నేండ్రగుంట దాకా తిప్పుకొచ్చి, మోత ఏ చుట్ల దగ్గర చచ్చిందో చూసి, వేలెడు వేలెడు కోసుకుంటూ వస్తాడు. పొడుగు గొట్టాన్ని పొట్టి చేయవచ్చు, పొట్టిదాన్ని పొడుగు చేయాలంటే మళ్లీ మొదటికే వస్తుంది.

అడవి దారుల్లో తిరిగేవాళ్లు ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి. రాళ్లకు తగులుతోందని తోకగొట్టాన్ని మధ్యలోనే కోసేసి బండి కడుపు కింద పొగ వదిలేవాళ్లున్నారు. వెనక తలుపు తెరిచి నిదానంగా పోతే ఆ పొగ గదిలోకి ఎక్కుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పికి మోతే కారణమనుకుంటూ కూర్చుంటారు. ఇక ఎండాకాలం. ఎండిన బోదగడ్డి మీద బండి ఆపితే కాలుతున్న గొట్టం చాలు అంటుకోవడానికి. అమెరికా జాతీయ అడవుల్లో రోడ్డు వదిలి తిరిగే బండ్ల సైలెన్సర్లకు నిప్పురవ్వల జల్లెడ తప్పనిసరి. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వు అయింది, వేసవిలో అక్కడ మంటలు రావడం మనకు కొత్త కాదు. మోత కూడా అడవిని వదలదు. దేవాంగపిల్లి లాంటి రాత్రి జంతువులకు చెవులూ ముఖ్యమే. పలమనేరు, కుప్పం వైపు తిరిగే ఏనుగులు మన చెవికి అందని 20 హెర్ట్జ్ దిగువ స్వరాలతో కూడా ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. బుల్లెట్ డుగుడుగు వాటి మాటల్లోకి చొరబడే చోటే ఉంది.

పోలీసుల సంగతి అందరికీ తెలిసిందే. విశాఖలో, హైదరాబాదులో పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్డురోలరుతో తొక్కించిన ఫొటోలు పేపర్లలో చూశాం. మోటారు వాహనాల చట్టం 190(2) ప్రకారం పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మూడు నెలలు చెల్లకపోవడం, ఇవన్నీ రాసి ఉన్నాయి. రోలరు చూడటానికి బాగుంటుంది. బండికి తిరిగి ఏ సైలెన్సర్ బిగించారో చూసేవాళ్లు ఉంటే ఇంకా బాగుంటుంది.

చివరిగా కొలత. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టుకుని ‘తగ్గలేదే’ అని మేస్త్రీతో గొడవపడే ముందు ఒకటి గమనించాలి. మామూలుగా కనిపించే అంకె డెసిబెల్-ఏ. అది మన చెవి తీరుకు తగ్గట్టు కింది స్వరాలను తగ్గించి చూపిస్తుంది. 80 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 22 డెసిబెల్ కొట్టేస్తుంది. గది అదిరిపోతున్నా అంకె బుద్ధిగానే ఉంటుంది. అదే యాప్‌లో ‘సీ’ అనే కొలత ఉంటే దానికి మార్చండి, అది కింది స్వరాలను దాదాపు ఉన్నదున్నట్టు లెక్కిస్తుంది. గొట్టం అతికించక ముందు ఒకసారి, అతికించాక ఒకసారి చూడాలి. రోడ్డు అదే, గేరు అదే, అద్దాలు మూసి, ముల్లు 2,400 మీద. తేడా మూడే ఉంటే మూత విప్పి ఇంకో వేలెడు కోయించండి. పది వచ్చిందంటే క్లాంపు తీసేసి వెల్డింగు పెట్టించేయొచ్చు.